ముసలి గుర్రాల రుణం తీర్చిన ఇల్లాలు

ఏటా అక్టోబరు 4వ తేదీన అస్సీసీపుర పునీత ఫ్రాన్సిసు వారి పండుగ జరుపుకుంటాం. పశుపక్ష్యాదులకు సోదరుడైన ఆ మహనీయుని గురించి గుడిలో ప్రసంగం వింటాం, తల ఊపుతాం, ఇంటికి వస్తాం. వచ్చాక కొట్టంలో కట్టేసి ఉన్న ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుపోయిన పుండును చూస్తామా? చూసినా, విన్న ప్రసంగానికీ ఈ పుండుకూ ఏదో సంబంధం ఉందని మనకు తోస్తుందా? చాలామందికి తోచదు. ప్రసంగం గుడిది, పుండు కొట్టానిది అని ఊరుకుంటాం.

ఈ వారం మీకు ఒక స్త్రీమూర్తి జీవితం చెప్పదలచాను. ఆమె శ్రీసభ పీఠం మీదికి ఎక్కించిన పునీతురాలు కాదు. అద్భుతాలేమీ చేయలేదు. ఒక సైనికాధికారి భార్య. పేరు డోరతి బ్రూక్. నడివయసు దాటబోతున్న వేళ, పరాయి దేశంలో, ఎవరికీ పట్టని ముసలి గుర్రాలను చూసి ఆగిపోయింది. అంతే ఆమె గొప్పతనం. మనం ఆగని చోట ఆమె ఆగింది.

కథలోకి వెళ్ళేముందు ఒక చిన్న ముచ్చట. నా చిన్నతనంలో నరసరావుపేట రైలుస్టేషను ముందు జట్కాలు వరుసగా నిలబడి ఉండేవి. అందులో ఒక సాయిబుగారు తాను టీ తాగక ముందే గుర్రం ముందు ఉలవ గుగ్గిళ్ళ సంచి పెట్టేవారు. ఇంకొకతను బక్కచిక్కిన గుర్రాన్ని మిట్టమధ్యాహ్నం వేళ కొరడాతో అదిలిస్తూనే ఉండేవాడు. మొదటాయన మంచివాడు, రెండో అతను చెడ్డవాడు అని నా చిన్న బుర్రతో తీర్పు చెప్పుకున్నాను. మా నాన్నగారు మాత్రం, ఆ రెండో అతని ఇంట్లో పొయ్యి రాజుకుని ఎన్నాళ్ళయిందో అన్నట్టు మాట్లాడారు. ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. డోరతి బ్రూక్ జీవితం చదివాక ఎక్కింది.

డోరతి 1883వ సంవత్సరంలో ఇంగ్లండులో పుట్టింది. గుర్రాల మధ్య పెరిగే కలిగిన కుటుంబాల పద్ధతి ఆమెకు తెలుసు. ఆమె భర్త జెఫ్రీ బ్రూక్ బ్రిటిషు సైన్యంలో ఆశ్విక దళాధికారి. గుర్రపు స్వారీలో ఆరితేరినవాడు, ఆ విద్య మీద పుస్తకాలు కూడా రాసినవాడు. 1930లో ఆయన ఈజిప్టులోని బ్రిటిషు ఆశ్విక దళానికి అధిపతిగా కైరో నగరానికి వెళ్ళాడు. డోరతి ఆయన వెంట వెళ్ళింది. పెద్ద అధికారి భార్య గనుక విందులు, వినోదాలు, నౌకర్లు, చాకర్లు, దేనికీ లోటు లేదు. ఆ సుఖంలో ఆమె కాలం గడిపేసి ఉంటే ఈ రోజు మనం ఆమె పేరు తలచుకోవలసిన అవసరం ఉండేది కాదు.

కైరో వీధుల్లో ఆమె కొన్ని గుర్రాలను చూసింది. రాళ్ళబండ్లు, చెత్తబండ్లు, సామాను బండ్లు లాగుతున్న గుర్రాలవి. ఎముకలు తేలి, మోకాళ్ళు చెడి, వీపు మీద పుళ్ళతో, కొన్ని చూపు కూడా పోయి ఉన్నాయి. పేద నగరాలలో ఇటువంటి దృశ్యాలు ఆ రోజుల్లో వింత కావు. కానీ ఆమె కన్ను వాటి చర్మం మీద ఉన్న ఒక ముద్ర మీద పడింది. బాణపు ములికి ఆకారంలో కాల్చిన ముద్ర అది. బ్రిటిషు సైన్యం తన సొత్తు మీద వేసే గుర్తు. అంటే ఈ ముసలి గుర్రాలు ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవి. తన దేశం కోసం యుద్ధం చేసినవి.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, అంటే 1914 నుండి 1918 వరకు, ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాలలో పెద్ద పోరు జరిగింది. ఆ ఇసుక నేలల్లో గుర్రాలే సైన్యానికి కాళ్ళు. ఇంగ్లండు నుండి, ఆస్ట్రేలియా నుండి వేలాది గుర్రాలను ఓడల్లో తెచ్చారు. నీళ్ళు దొరకక రెండు మూడు రోజుల పాటు గొంతు తడవకుండానే అవి రౌతులను మోసిన సందర్భాలున్నాయి. 1917 డిసెంబరు 11న బ్రిటిషు సేనాని ఆలెన్‌బీ పవిత్ర నగరమైన యెరూషలేములో ప్రవేశించినప్పుడు, ఆ పుణ్యభూమి మీద గౌరవంతో గుర్రం దిగి కాలినడకన లోపలికి వెళ్ళాడని చరిత్ర చెబుతోంది. ఆ దారి అంతా ఆ సైన్యాన్ని మోసుకొచ్చింది మాత్రం గుర్రాలే.

ఈ పోరులో మనవాళ్ళూ ఉన్నారు. మన పల్నాడుకు కృష్ణానది అవతల ఒడ్డు ఆనాడు నిజాం రాజ్యం. ఆ హైదరాబాదు సంస్థానపు ఆశ్విక దళం, జోధ్‌పూర్, మైసూరు దళాలతో కలిసి అదే రణరంగంలో పనిచేసింది. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు రౌతులు హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. ఆ మూడు సంస్థానాల సైనికుల జ్ఞాపకార్థం 1922లో ఢిల్లీలో మూడు విగ్రహాల స్తంభం నిలిపారు. అదే తీన్‌మూర్తి. మనుషులకు విగ్రహాలు నిలిచాయి. మరి వారిని మోసిన జంతువుల సంగతి?

యుద్ధం ముగిసింది. గుర్రాలను మళ్ళీ ఓడలెక్కించి ఇంటికి చేర్చడం ఖర్చుతో కూడిన పని. లెక్కలు చూసుకున్నారు. కొన్నింటిని కాల్చివేశారు. కొన్నింటిని ఇతర దళాలకు ఇచ్చారు. మిగిలిన వేలాది గుర్రాలను ఈజిప్టులోనే స్థానికులకు అమ్మేశారు. అవి ఒక చేతి నుండి ఇంకొక చేతికి, ధర తగ్గే కొద్దీ ఇంకా పేదవాడి చేతికి మారుతూ వచ్చాయి. డోరతి చూసేనాటికి యుద్ధం ముగిసి పన్నెండేళ్ళు దాటింది. అవన్నీ ఇరవయ్యేళ్ళ వయసుకు అటూ ఇటూ ఉన్న ముసలివి. మనుషుల్లో అయితే మనుమలు చేయి పట్టుకుని నడిపించే వయసు. అవి మాత్రం ఇంకా బండి లాగుతూనే ఉన్నాయి.

ఆమె చేసిన మొదటి పని చాలా చిన్నది. ఒక ముసలి గుర్రాన్ని దాని యజమానికి డబ్బిచ్చి కొన్నది. దానికి ముద్దుగా ఓల్డ్ బిల్ అని పేరు పెట్టారు. దానిని ఇక పని నుండి విడిపించింది. మంచి మేత పెట్టించింది. అయితే దాని శరీరం అప్పటికే కోలుకోలేనంతగా దెబ్బతిన్నది. దాని బాధను నొప్పి లేకుండా ముగించవలసి వచ్చింది. ఒక్క గుర్రంతో ఆమె మనసు ఊరడిల్లలేదు. వెతికే కొద్దీ ఇంకా కనిపించాయి. తన చేతి డబ్బుతో అయ్యే పని కాదని తెలిసింది.

అప్పుడామె 1931లో లండనులోని మార్నింగ్ పోస్టు అనే దినపత్రికకు ఒక ఉత్తరం రాసింది. తాను చూసినది చూసినట్టు చెప్పి, దేశానికి సేవ చేసిన ఈ మూగజీవాల చివరి రోజులైనా ప్రశాంతంగా గడిచేందుకు సాయం చేయమని పాఠకులను అడిగింది. ఆ ఏప్రిల్ నెలలో ఉత్తరం అచ్చయింది. యుద్ధంలో తమ గుర్రాన్ని ప్రాణం కన్నా మిన్నగా ప్రేమించి, అది ఏమైపోయిందో తెలియక బాధపడుతున్న మాజీ సైనికులు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. విరాళాలు వచ్చి పడ్డాయి. ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఒక దేశం మరచిపోయిన అప్పును గుర్తు చేసింది.

తర్వాతి మూడేళ్ళలో ఆమె, ఆమెకు తోడు నిలిచిన కొద్దిమంది కలిసి సుమారు 5,000 ముసలి సైనిక గుర్రాలను కొని విడిపించారు. ఈ అంకె రాయడం తేలిక. ఒక్కొక్క గుర్రాన్ని వెతకాలి, ముద్ర చూడాలి, యజమానితో బేరం కుదుర్చుకోవాలి, డబ్బు చెల్లించాలి, శాలకు చేర్చాలి. ఒక్కొక్కదాని కళ్ళలోకి చూసి దాని గతి నిర్ణయించాలి. వాటిలో అత్యధిక భాగం వైద్యానికి లొంగని స్థితిలో ఉన్నాయి. మరీ నరకయాతన పడుతున్న వాటిని వెంటనే, మిగిలిన వాటిని కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చిన తరువాత, నొప్పి తెలియకుండా చంపవలసి వచ్చింది. ఆ కొద్ది రోజులూ వాటికి మెత్తటి గడ్డి పరుపు, కడుపునిండా మేత, తొట్టినిండా నీళ్ళు, నీడ. కళ్ళెం లేదు, కొరడా లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత కాళ్ళు చాపి పడుకోవడానికి చోటు దొరికింది.

ఇక్కడ ఒక క్షణం ఆగుదాం. మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. బాధపడుతున్న గుర్రాన్ని చంపడం కరుణ అయితే, బాధపడుతున్న మనిషి విషయంలో కూడా అదే కరుణ అనకూడదా అని. ఈ మాట ఈ రోజుల్లో చదువుకున్నవారి నోట తరచుగా వినబడుతోంది. శ్రీసభ జవాబు స్పష్టం. మనిషి దేవుని పోలికలో సృష్టింపబడ్డవాడు. అతని ప్రాణం మీద అతనికీ, కన్నబిడ్డలకూ, వైద్యునికీ ఎవరికీ అధికారం లేదు. మంచం పట్టిన తండ్రికి మనం చేయవలసింది సేవ, బాధ తగ్గించే వైద్యం, పక్కన కూర్చుని పట్టుకునే చేయి. జంతువు ప్రాణం మన సంరక్షణకు అప్పగింపబడింది. దాని బాధ్యత మనది గనుక, నయం కాని దాని యాతనను తగ్గించే కఠినమైన బాధ్యత కూడా మన మీద పడవచ్చు. ఈ రెంటినీ కలిపేస్తే రెంటికీ అన్యాయం జరుగుతుంది. మనిషిని జంతువుగా చూడటమూ తప్పే, జంతువును రాయిగా చూడటమూ తప్పే.

ఇక డోరతి జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయానికి వస్తాను. ఆ గుర్రాల యజమానులను ఆమె ఏమి చేసి ఉండవచ్చు? కసాయివాళ్ళని తిట్టి ఉండవచ్చు. అధికారి భార్య గనుక పోలీసులను పిలిచి బెదిరించి ఉండవచ్చు. పరాయి పాలకుల కాలం గనుక అది సాగేది కూడా. కానీ ఆమె వాళ్ళ ఇళ్ళను, వాళ్ళ ఆకలిని చూసింది. పూటగడవని మనిషి ఒక ముసలి గుర్రం మీద బతుకుతున్నాడు. అది ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. తాను తినడానికే లేనివాడు గుర్రానికి ఏమి పెట్టగలడు? అందుకే గుర్రానికి డబ్బు చెల్లించి కొన్నది. ఆ డబ్బుతో అతను మళ్ళీ ఒక మంచి జంతువును కొనుక్కుని బతుకు సాగించే వీలుంటుంది. గుర్రాన్ని విడిపించే పేరుతో పేదవాణ్ణి రోడ్డున పడవేయలేదు.

సైనిక గుర్రాల కొనుగోలు పూర్తయ్యాక ఆమె చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోలేదు. ఈ దుస్థితికి మూలం ఎక్కడ ఉందో ఆమెకు అర్థమైంది. రేపు ఇంకొక తరం గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు ఇదే గతికి వస్తాయి. గాయం చిన్నదిగా ఉన్నప్పుడే మందు వేసే దిక్కు లేదు. వైద్యానికి డబ్బిచ్చే స్తోమత యజమానులకు లేదు. అందుకే 1934లో కైరోలో యుద్ధాశ్వాల స్మారక వైద్యశాలను స్థాపించింది. బండి తోలుకుని బతికే పేదల జంతువులకు అక్కడ ఉచిత వైద్యం. స్మారకమంటే శిలావిగ్రహం అని అందరూ అనుకునే రోజుల్లో, చనిపోయిన గుర్రాల జ్ఞాపకార్థం బతికున్న గుర్రాల పుండు కడిగే ఆసుపత్రి కట్టింది.

విడిపించిన గుర్రాన్ని బాగుచేయడం ఎంత ఓపిక గల పనో మీకు తెలియాలి. ఆకలితో చిక్కిపోయిన గుర్రానికి జాలిపడి ఒక్కసారిగా బుట్టెడు దాణా పెడితే ఆ జాలే దాని ప్రాణం తీయవచ్చు. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే కొంచెం కొంచెంగా, రోజుకు ఎక్కువసార్లు, ముందుగా గడ్డి, తర్వాత మెల్లగా దాణా అలవాటు చేయాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి రోజుకు దాని బరువులో సుమారు 2 శాతం ఎండుమేత కావాలి. 25 నుండి 40 లీటర్ల నీళ్ళు కావాలి. ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. గిట్టలు గోళ్ళలా పెరుగుతూనే ఉంటాయి గనుక 6 నుండి 8 వారాలకొకసారి చెక్కించి లాడాలు సరిచూడాలి. పళ్ళు అరిగిన చోట మొనలు తేలి బుగ్గలను కోస్తాయి, వాటిని ఆకురాయితో నున్న చేయించాలి. జీను తీసిన వెంటనే వీపు తడిమి చూడాలి. ఎర్రగా కందిన చోటే రేపటి పుండు. ఆ చోట మెత్తటి గుడ్డ వేస్తే, నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తే పుండు పుట్టదు.

ఇందులో పెద్ద శాస్త్రం ఏముంది? నీళ్ళు, నీడ, మేత, విశ్రాంతి, రోజూ ఒక చూపు. అయిదూ ప్రతి రోజూ కావాలి. ప్రేమ అనేది ఆవేశం కాదు, అలవాటు అని తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మా గురువులు చెప్పేవారు. సద్గుణమంటే ఒకనాటి పని కాదు, చేసి చేసి చేతికి అలవాటైన మంచి. ఒక గుర్రాన్ని చూసి కన్నీరు పెట్టుకోవడం ఒక నిమిషం పని. ఆరు వారాలకొకసారి దాని గిట్ట ఎత్తి చూడటం సద్గుణం.

డోరతి బ్రూక్ 1955లో తాను ప్రేమించిన ఆ కైరో నగరంలోనే కన్నుమూసింది. ఆమె నెలకొల్పిన వైద్యశాల తర్వాత ఆమె ఇంటిపేరునే ధరించి, ఒక పెద్ద సంస్థగా ఎదిగింది. ఈనాడు అనేక పేద దేశాలలో బరువులు మోసి, బండ్లు లాగి బతికే గుర్రాలు, గాడిదల కోసం పనిచేస్తోంది. మన దేశంలో కూడా, ముఖ్యంగా ఇటుక బట్టీల వద్ద పనిచేసే జంతువుల మధ్య, దాని సేవ సాగుతోంది. ఆ సంస్థ నేటికీ యజమానులకు నేర్పడం మీదనే ఎక్కువ శ్రద్ధ పెడుతుంది. పేదవాణ్ణి పక్కకు నెట్టి అతని జంతువును రక్షించలేమని ఆ తల్లి వేసిన పునాది అది.

ప్రియ పాఠకులారా, ఇంకొక ప్రశ్న మీ మనసులో మెదులుతూ ఉండవచ్చు. తినడానికి తిండి లేని మనుషులు ఇందరుండగా గుర్రాల కోసం డబ్బు ఖర్చు చేయడం న్యాయమా అని. ఇది తేలికగా తోసిపుచ్చే ప్రశ్న కాదు. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2415 నుండి 2418 వరకు గల పేరాలలో ఈ సంగతి చర్చించింది. జంతువులను అనవసరంగా హింసించడం, వృథాగా చంపడం మానవ గౌరవానికే విరుద్ధమని ఒకపక్క చెబుతూ, మనుషుల కష్టాలు తీర్చడానికి వాడవలసిన ధనాన్ని జంతువుల మీద వెచ్చించడం కూడా తగదని ఇంకొకపక్క హెచ్చరించింది. పట్టణాలలో పెంపుడు కుక్కకు పుట్టినరోజు విందు చేసి, ఇంట్లో పనిమనిషికి పాచి అన్నం పెట్టేవారికి ఆ రెండో మాట తగులుతుంది. డోరతి పని ఆ రెండు మాటలకూ నిలబడుతుంది. ఎందుకంటే ఆమె కట్టు కట్టింది గుర్రం కాలికే అయినా, ఆ కట్టుతో నిలబడింది ఒక పేద కుటుంబం కూడా. గుర్రం కుంటకుండా నడిస్తేనే ఆ ఇంట్లో రొట్టె కాలుతుంది.

పరిశుద్ధ గ్రంథం మనకీ సంగతి ఎప్పుడో నేర్పింది. కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపించింది. విశ్రాంతి దినం ఇంటి యజమానికే కాదు, అతని ఎద్దుకూ గాడిదకూ కూడా అని అదే గ్రంథం చెప్పింది. పగవాని గాడిద బరువు కింద పడి ఉంటే దాటిపోకుండా లేపడానికి సాయం చేయమని నిర్గమకాండం నేర్పింది. ఆ ఆజ్ఞలో ఎంత లోతుందో చూడండి. గాడిదను లేపాలంటే ఇద్దరూ చెరో పక్క పట్టాలి. గాడిద లేచేసరికి పగ కూడా సగం తగ్గుతుంది. విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దును పైకి తీయరా అని క్రీస్తునాథుడు పరిసయ్యులను నిలదీసిన సందర్భం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. 2015లో జగద్గురువులు పోపు ఫ్రాన్సిసు గారు వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖ కూడా భూమి మొరనూ పేదల మొరనూ ఒక్కటిగా వినమని మనలను కోరింది.

దేశపు చట్టం సంగతి కూడా చెబుతాను. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలితంగా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. దాని కింద బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో నియమాలు చేశారు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. మధ్యలో విశ్రాంతి లేకుండా ఏకధాటిగా అయిదు గంటలకు మించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు అసలే తోలరాదు. ముల్లుకర్రతో పొడవరాదు. వేసవిలో మన రెంటచింతల ఎండ రాష్ట్రమంతటా పేరుమోసినది. 37 డిగ్రీలు మనకు వేసవి ముంగిట్లోనే దాటిపోతాయి. మరి ఆ మూడు గంటల నియమం మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? చట్టాన్ని మనకు తెలియజెప్పేవాళ్ళు లేరు సరే, మన చర్మం మనకు చెప్పడం లేదా? మనం చెట్టు నీడకు పరుగెత్తే వేళ దానికి మాత్రం ఎండ కాయదా?

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఒక ఎద్దు ఉండేది. నేను పుట్టక ముందు నుంచీ కాదుగానీ, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అరక దున్నింది అదే. నేను గురువిద్యాలయంలో చేరేనాటికి ముసలిదైపోయింది. ఒక సెలవుల్లో ఇంటికి వచ్చేసరికి కొట్టంలో దాని గుంజ ఖాళీగా ఉంది. సంతకు తోలేశామని చెప్పారు. ఆ ఏడు పత్తి పోయింది, అప్పులవాళ్ళు గుమ్మం ముందు ఉన్నారు. నాకు పంపవలసిన డబ్బు కూడా ఆ ధరలోంచే వచ్చిందని తర్వాత తెలిసింది. నేను మా నాన్నగారిని తప్పు పట్టలేదు, ఈనాటికీ పట్టను. కానీ ఆ ఎద్దు నా చదువుకు రెండుసార్లు ఖర్చు పెట్టింది, ఒకసారి మెడతో, ఇంకొకసారి ప్రాణంతో. దానికి నేను ఏమీ చేయలేదు. వెళ్ళేటప్పుడు దాని వీపు నిమిరినవారు కూడా ఎవరూ లేరేమో. అందుకే డోరతి బ్రూక్ కథ నాకు దూరదేశపు కథగా అనిపించదు.

మన పల్నాడులో ఇప్పుడు జట్కాలు లేవు. ఎద్దుల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. అయినా గేదెలున్నాయి, పందెపు ఎడ్లున్నాయి, పెళ్ళి ఊరేగింపుకు అద్దెకు తెచ్చే గుర్రాలున్నాయి. ఆ పెళ్ళి గుర్రం టపాసుల మోతలో, లైట్ల వేడిలో గంటలకొద్దీ నిలబడి ఉన్నప్పుడు, దానికి ఒక బకెట్ నీళ్ళు పెట్టించమని పెళ్ళివారిలో ఒక్కరైనా అడిగితే బాగుండునని నాకు అనిపిస్తుంది. అడిగేటప్పుడు దాన్ని పట్టుకున్న కుర్రవాడికి కూడా ఒక విస్తరి వేయించండి. తెల్లవారేదాకా ఆ ఇద్దరూ ఉపవాసమే.

ఈ వారం మీ ఇంట ఆత్మపరిశీలన చేసుకునేటప్పుడు పిల్లలతో కలిసి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మన గొడ్డుకు ఈ రోజు నీళ్ళు ఎవరు పెట్టారు? దాని ఒంటి మీద పుండు ఉందా, చూశామా? ముసలిదైన జంతువును అమ్మక తప్పని పరిస్థితి పొరుగింటివారికి వస్తే, ఆ అప్పులో మనం కొంచెం చేయి వేయగలమా? మన కోసం ఒళ్ళు అరగదీసుకుని, ఇప్పుడు పనికిరానివారైన మనుషులు మన ఇంట్లో, మన వీధిలో ఎవరున్నారు?

ఆ నాలుగో ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. పనికొచ్చినంత కాలం వాడుకుని, తర్వాత చేతులు మార్చేసే బుద్ధి ఒకసారి ఇంట్లోకి వస్తే అది కొట్టం దగ్గరే ఆగిపోదు. మెల్లగా వసారాలోకి వస్తుంది, ముసలి తల్లి మంచం దాకా వస్తుంది. జంతువుల పట్ల క్రూరత్వం అలవాటైనవాడు మనుషుల పట్ల కూడా క్రూరుడవుతాడని పునీత తోమాసు అక్వినాసు ఎన్నడో హెచ్చరించినది ఇందుకే. దయ కూడా అలాగే ఒక చోట ఆగదు. కైరో వీధిలో ఒక ముసలి గుర్రం దగ్గర మొదలై దాని యజమాని గుడిసెలోకి వెళ్ళింది. మన కొట్టంలో మొదలైతే మన ఇంట్లోకీ వస్తుంది.

సృష్టికర్తయైన తండ్రి మనకు అప్పగించిన ప్రాణులను కాపాడే బుద్ధిని మన కుటుంబాలకు ప్రసాదించునుగాక. ఆమెన్.

మీ విచారణ గురువు